లోపలే వాషింగ్ మెషీన్ ఉన్న వాటా

లవోన్ రుస్తాద్ పెద్దగా చదువుకున్న మనిషి కాదు. మిన్నెసోటాలో ఎల్బర్గ్ అనే ఊరి బడి వంటింట్లో ఇరవై తొమ్మిదేళ్ళు గరిటె తిప్పింది. మోకాళ్ళు ఇక మావల్ల కాదు అన్నాక మానేసింది. ఇప్పుడు అరవై నాలుగేళ్ళు. మొగుడు డ్వేన్ పాల లారీ నడిపేవాడు, పోయి పదకొండేళ్ళయింది. పిల్లల్లేరు. మెయిన్ వీధిలో ఇనుప సామాన్ల కొట్టు మీద ఒక వాటాలో ఇరవై ఏడేళ్ళుగా అద్దెకుంటోంది. కొట్టు పక్కనుంచి ఇరవై రెండు మెట్లెక్కితే ఇల్లు. ఆ ఇంట్లో బట్టలుతుక్కునే మెషీన్ లేదు. ఎల్బర్గ్‌లో అద్దె వాటాల్లో మెషీన్ పెట్టే అలవాటు ఎవరికీ లేదు. సొంతిల్లు ఉన్నవాళ్ళు తమ నేలమాళిగలో ఉతుక్కుంటారు, అద్దెవాళ్ళు వీధి చివర నాణేలు వేసి ఉతుక్కునే లాండ్రీకి పోతారు. లవోన్ ప్రతి గురువారం మధ్యాహ్నం రెండింటికి బుట్ట చంకన పెట్టుకుని వెళ్తుంది.

ఆ లాండ్రీలో కూర్చుని ఆమె ఊరిని చదివేసింది. పత్రిక తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంటుంది గానీ కళ్ళు మాత్రం అవతలివాళ్ళ బుట్టల మీదే ఉంటాయి. బీమా ఏజెంటు వెండెల్ సోర్బీ రెండేళ్ళ కిందట ఒక గురువారం మొట్టమొదటిసారిగా అక్కడ అడుగుపెట్టాడు. బుట్టలో ఒకే ఒక్క దిండు గలీబు, ఒక తువ్వాలు, ఆరు చొక్కాలు. పెళ్ళాం వెళ్ళిపోయిందనీ, ఇతగాడు సరస్సు ఒడ్డున వేసవి గుడిసెకి మకాం మార్చాడనీ ఊరికి తెలిసేలోపు లవోన్‌కి తెలిసిపోయింది. పాస్టరుగారి నల్ల ప్యాంటు జేబుల్లో గోధుమపిండి చూసి, ఆయన చాటుగా రొట్టెలు కాల్చడం నేర్చుకుంటున్నారని పట్టేసింది. ఇంతా తెలుసుకుని ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. చాడీలు చెప్పే మనిషి కాదు. ఆమెకి కావలసింది తెలుసుకోవడం, అంతే. కొందరికి భోజనమయ్యాక తీపి తినాలనిపిస్తుంది చూడండి, అలాంటిది.

చెప్పకపోవడమే కాదు, ఎవరినీ అడిగేది కూడా కాదు. మిన్నెసోటాలో ఆ ప్రాంతంలో మనిషి కాలు విరిగి కట్టు కట్టుకుని వచ్చినా "ఏమయింది" అని అడగరు, "చలి బాగా ఉంది కదూ" అంటారు. కాలు విరిగినవాడు తనంతట తాను చెప్తే వింటారు, లేకపోతే లేదు. దాన్ని వాళ్ళు మర్యాద అనుకుంటారు. నేను ముప్పయ్యేళ్ళు వాళ్ళ మధ్య ఉండి, మొదట్లో విసుక్కుని, తర్వాత నేనూ అలాగే తయారయ్యాను.

ఇంతకీ లవోన్ సంగతి. ఆమెకో అక్క ఉంది, ఆర్డిస్, తొమ్మిదేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. అదే బళ్ళో నలభై మూడేళ్ళు మూడో తరగతి చెప్పింది. ఆ ఊళ్ళో యాభై దాటని వాళ్ళెవరైనా నాలుగక్షరాలు గుండ్రంగా రాస్తున్నారంటే అది ఆర్డిస్ చలవే. కిందటి అక్టోబరులో ఆమెకి పక్షవాతం వచ్చింది. తెలివి చెక్కుచెదరలేదు గానీ కాళ్ళు పట్టు తప్పాయి, రాత్రిళ్ళు పక్క తడపకుండా ఉండడం చేతకావడం లేదు. అరవై మైళ్ళ దూరంలో ఉన్న వృద్ధుల కేంద్రంలో చేర్చారు. లవోన్ ప్రతి ఆదివారం కారేసుకుని చూసొస్తుంది.

"ఇక్కడ నన్ను అందరూ బంగారం అంటారు," అంది ఆర్డిస్ ఒకసారి. "నలభై మూడేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఇరవయ్యేళ్ళ పిల్ల వచ్చి బంగారం, మందు వేసుకుందామా అంటుంది. ఒక్కరూ నన్ను ఏమీ అడగరు. జనవరిలో కిటికీ మీద మంచు పువ్వుల్లా ఎందుకు పేరుకుంటుందో అడగమను, చెప్తాను."

క్రిస్మస్‌కి మూడు రాత్రుల కోసం లవోన్ ఆమెని ఇంటికి తీసుకొచ్చింది. నలుగురు మగవాళ్ళు కుర్చీతో సహా ఎత్తి ఆ ఇరవై రెండు మెట్లూ ఎక్కించారు. మూడు రాత్రులూ పక్కబట్టలు తడిశాయి. ఆర్డిస్‌ని తిరిగి దింపివచ్చిన మర్నాడు లవోన్ పొద్దున్నే ఆరింటికి, ఎవరూ లేని వేళ చూసుకుని, ఆ దుప్పట్లను పాత కోటు కింద దాచి లాండ్రీకి పట్టుకెళ్ళింది. మెషీన్ తిరుగుతున్నంతసేపూ తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఒక బుట్ట చూసి మనిషి సంసారం మొత్తం చెప్పగలిగినామెకి, తన బుట్టని ఇంకొకరు చూస్తారన్న భయం ఎలా ఉంటుందో ఆవేళ తెలిసింది. తన గురించి అయితే సర్దుకునేదే. ఊరంతటికీ అక్షరాలు దిద్దించిన ఆర్డిస్ సంగతి ఆ గాజు తలుపు వెనక తిరుగుతుంటే మాత్రం భరించలేకపోయింది.

మార్చి మొదట్లో కేంద్రంవాళ్ళు ఉత్తరం పంపారు. నెలాఖరులోగా చెప్పాలి, ఆర్డిస్ ఇక శాశ్వతంగా అక్కడే ఉంటుందా, లేక ఇంటికి వెళ్తుందా అని. ఇంటికంటే ఏ ఇంటికి? మెట్లు ఉండకూడదు. రోజూ ఉతకాల్సిన పక్కబట్టలు వీధిలో మొయ్యకూడదు. లవోన్ ఆ ఉత్తరాన్ని రిఫ్రిజిరేటర్ మీద అంటించి, కాఫీ తాగిన ప్రతిసారీ చదువుకుంది.

సరిగ్గా ఆ వారంలోనే సూపర్ మార్కెట్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. పాత చెప్పుల దుకాణం వెనక భాగం వాటాగా మార్చారట. రెండు పడగ్గదులు, మెట్లు లేవు, వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ లోపలే. ఆ చివరి మాట దగ్గర జనం బండ్లు ఆపుకుని మరీ చదివారు.

"లోపలంటే ఎక్కడో?" అన్నారొకరు.

"వంటింట్లో ఏమో."

"పడగ్గదిలో పెట్టుకుంటారేమో, న్యూజెర్సీవాళ్ళు కదా," అంది కాఫీ హోటలు మూరియల్.

న్యూజెర్సీ అన్నది ఎందుకంటే ఆ దుకాణం కొన్నావిడ, రోజలీ, అక్కణ్ణుంచే వచ్చింది. నడకా మాటా రెండూ వడి. వచ్చి ఆరునెలలైనా ఊళ్ళో ఎవరితోనూ ఆవిడ చలి గురించి మాట్లాడలేదు. నేరుగా విషయంలోకి దిగుతుంది, అందుకని అందరికీ ఆవిడంటే కొంచెం బెరుకు.

లవోన్ మంగళవారం నాడే వెళ్ళి చూసింది. నేల సమంగా ఉంది, ద్వారాలు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు. స్నానాలగది పక్కన మడత తలుపుల అలమార, అందులో మెషీన్లు ఒకదాని మీద ఒకటి. లవోన్ కింద మెషీన్ తలుపు తెరిచి తల లోపల పెట్టి చూసింది. కొత్త రబ్బరు వాసన. నీళ్ళు ఎటు పోతాయి, చప్పుడెంత చేస్తుంది, దుప్పట్లు ఎన్ని పడతాయి, పీచు ఎక్కడ పేరుకుంటుంది, రాత్రి వేస్తే పక్కవాళ్ళకి ఇబ్బందా అంటూ వరసపెట్టి అడుగుతూనే ఉంది. మనుషుల్ని అడగని ప్రశ్నలన్నీ మెషీన్‌ని అడిగినట్టుంది.

రోజలీ నవ్వింది. "మీరు ఇంటి కోసం వచ్చారా, మెషీన్ కొనడానికొచ్చారా?"

"ఊరికే, తెలుసుకుందామని."

"మీకు నచ్చిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. తీసుకోండి మరి."

లవోన్ కోరుకున్నదీ అదే. నోరు మాత్రం తన అలవాటు తాను మానలేదు. "అబ్బే, నాకెందుకండీ ఇంతిల్లు. పిల్లలున్నవాళ్ళెవరికైనా ఇస్తే బాగుంటుంది."

"పిల్లలున్నవాళ్ళెవరూ రాలేదు, మీరొచ్చారు. కావాలంటే ఇవాళే కాగితాలు రాసుకుందాం."

"అయ్యో, నాకోసం మీరు తొందరపడకండి. ఇంకా చాలామంది చూడాలనుకుంటారు."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఎల్బర్గ్‌లో ఎవరైనా ఏదైనా ఇస్తానంటే మూడుసార్లు అనాలి. మొదటిది పలకరింపు, రెండోది మర్యాద, మూడోది అసలు ఇవ్వడం. పుచ్చుకునేవాళ్ళు రెండుసార్లు వద్దనాలి, మూడోసారి "సరే, మీకు ఇబ్బంది లేకపోతే" అనాలి. చర్చిలో కాఫీల దగ్గర పళ్ళెంలో మిగిలిన ఆఖరి కేకు ముక్కని ఎవరూ తీసుకోరు. వచ్చినవాడల్లా అందులో సగం కోసుకుపోతాడు, చివరికి గోరంత మిగిలి ఎండిపోతుంది. అంత మొహమాటం వాళ్ళది. ఎవరూ నేర్పకుండానే పిల్లలకి కూడా వచ్చేస్తుంది.

లవోన్ నాలుక చివర ఆ మూడో జవాబు సిద్ధంగా పెట్టుకుని నిలబడింది. రోజలీ ఫోను చూసుకుంది. "సరే అయితే, మీ ఇష్టం," అని దీపాలు ఆర్పేసింది.

ఇంటికి నడుస్తూ లవోన్ తనకి తానే సర్ది చెప్పుకుంది. మూడూ ఒక్కరోజే అడిగెయ్యడం ఏం పద్ధతి, రేపో ఎల్లుండో ఫోన్ చేస్తుంది అనుకుంది. బుధవారం ఫోను పక్కనే కూర్చుంది. గురువారం లాండ్రీకి కూడా పోలేదు. శుక్రవారం ఫోను మోగితే పరుగెత్తింది. అది ఏదో కొళాయి కంపెనీ. ఆదివారం ఆర్డిస్ దగ్గరికి వెళ్ళి, మనసాగక చెప్పేసింది.

"కిటికీలెన్ని?" అంది ఆర్డిస్.

"మూడు. రెండు తూర్పుకి."

"లవోన్, ఇల్లు దొరికిందా, దొరకబోతోందా?"

"దొరికినట్టే."

"దొరికినట్టే అనేది జవాబు కాదు," అంది ఆర్డిస్. కానీ ఆమె కళ్ళు మెరిశాయి. తూర్పు కిటికీ దగ్గర ఏం పెట్టాలో చెప్పడం మొదలుపెట్టింది.

తర్వాతి గురువారం లాండ్రీలో మూరియల్ తన హోటలు తువ్వాళ్ళు మడతపెడుతోంది. వెండెల్ వచ్చాడు. అతని బుట్ట చూసి లవోన్ పత్రిక దించేసింది. ఒక బుట్ట కాదు, నాలుగు. కిటికీ తెరలు, బొంత, గుమ్మంలో వేసే పట్టా, చలికోట్లు. ఎప్పుడూ చొక్కాలు ఉండచుట్టి కుక్కుకుపోయే మనిషి, ఇవాళ ఒక్కోటీ మడతపెట్టి పెట్టెలో సర్దుతున్నాడు. వదిలిపోయే ఇంట్లోవి మనిషి ఇలాగే ఒకేసారి ఉతుక్కుంటాడు. ఎక్కడికి పోతున్నాడు? ఊళ్ళో ఖాళీగా ఉన్నది ఒక్కటే ఇల్లు.

ఇరవై ఏడేళ్ళలో ఆ లాండ్రీలో ఎవరినీ అడగని మనిషి అడిగింది. "వెండెల్, ఇల్లు మారుతున్నావా?"

మూరియల్ చేతులు ఆగిపోయాయి.

"ఆఁ," అన్నాడు వెండెల్. "ఆ చెప్పుల దుకాణం వాటా. సోమవారం తాళాలిస్తానంది. ముందు నీకే ఇస్తానందట కదా? నువ్వు వద్దన్నావని చెప్పింది."

"నేను వద్దనలేదు."

"వద్దన్నావనే చెప్పిందే."

"రెండుసార్లన్నాను."

వెండెల్ మొహం మారింది. "మూడోసారి అడగలేదా?"

"లేదు."

"న్యూజెర్సీ," అంది మూరియల్, ఇక వేరే వివరం అక్కర్లేదన్నట్టు.

వెండెల్ తల గోక్కున్నాడు. "అయితే నువ్వే తీసుకో, లవోన్. నేను ఆవిడతో మాట్లాడతాను."

"అబ్బే, వద్దు వద్దు. నువ్వు సామాను కూడా సర్దుకున్నావు." ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో లవోన్‌కే తెలియలేదు. నాలుక కొరుక్కుంది.

"సర్దిందేముంది, మళ్ళీ విప్పుకుంటాను. నిజంగానే, తీసుకో."

"వద్దులే వెండెల్. ఆ గుడిసెలో నీకు చలి."

రెండూ అయిపోయాయి. డ్రయ్యర్ గంట కొట్టింది. వెండెల్ అటు వెళ్ళాడు. తెరలు తీశాడు, దులిపాడు, మడతపెట్టాడు. లవోన్ చూస్తూ ఉంది. జనవరిలో గుడిసెలో నీళ్ళ గొట్టం గడ్డకట్టిందని, అతను వ్యాయామశాలలో స్నానం చేస్తున్నాడని అతని తువ్వాలు మీది ముద్ర చూసి ఎప్పుడో కనిపెట్టింది. అతనికీ ఆ ఇల్లు కావాలి. రెండుసార్లు అన్నాడు, మర్యాద తీరిపోయింది, ఇక ఊళ్ళో ఎవరూ అతన్ని వేలెత్తి చూపలేరు. అతను మొదటి బుట్ట ఎత్తుకుని, ఆమె వైపు చూడకుండా తలుపు దాకా వెళ్ళాడు. మూడోసారి అడగడు.

"వెండెల్," అంది లవోన్. "నాకా ఇల్లు కావాలి."

మూరియల్ తలెత్తలేదు. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"నీకు చలని తెలుసు. తెలిసే అడుగుతున్నాను. ఎందుకంటే మాత్రం చెప్పలేను."

వెండెల్ బుట్ట కింద పెట్టాడు. "ఆర్డిస్ టీచర్ కోసమేగా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒకళ్ళు చెప్పాలా? క్రిస్మస్ వెళ్ళాక ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకి పోతూ ఆ కిటికీలోంచి చూశాను. ఒంటి మనిషివి, అన్ని దుప్పట్లు ఉతుకుతున్నావు."

లవోన్ కుర్చీలో కూలబడింది. "మరి ఇన్నాళ్ళూ ఒక్కరూ నన్నడగలేదే."

"నేను ఒక్క దిండు గలీబుతో వచ్చిన రోజు నువ్వడిగావా?"

ఎంతో తెలివిగా దాచుకున్నాననుకున్నది అందరూ చూస్తూనే ఉన్నారు. సిగ్గేసింది. ఆ సిగ్గు తన బుట్ట చూశారని కాదు. ఈ మనిషి రెండేళ్ళుగా పక్కనే కూర్చుంటే ఎలా ఉన్నావని ఒక్కసారి అడగకపోయానే అని.

"డ్వేన్ పోయాక రెండేళ్ళు అతని చొక్కాలు తెచ్చి ఉతికేదానివి," అంది మూరియల్ తువ్వాళ్ళతో చెప్తున్నట్టు. "వారానికి రెండేసి. నాకు ప్రాణం ఉసూరుమనేది."

వెండెల్ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"టీచర్‌ని ఎప్పుడు తీసుకొస్తున్నావు?" అన్నాడు వెండెల్.

"నెలాఖరుకి."

"మంచం మొయ్యడానికి నా ట్రక్కు తెస్తాను. వేసవి ఇట్టే వచ్చేస్తుంది, గుడిసె అప్పుడు బాగానే ఉంటుంది."

"నీ బట్టలు ఇక ఇక్కడికి తేవద్దు. గురువారం గురువారం మా ఇంటికి పట్టుకురా," అంది లవోన్. "కాదనకు."

అబ్బే అనబోయి, వెండెల్ సరేనని తలూపాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి రోజలీ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పారు. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరు వద్దన్నారుగా?"

"అన్నాను. కావాలి."

"ఇప్పుడు ఈయన వద్దంటున్నాడు. ఈయనకి నిజంగా వద్దా?"

"కావాలి. కానీ వద్దు," అన్నాడు వెండెల్.

"మీ ఊరివాళ్ళకి ఏది కావాలో ఏది వద్దో నేనెలా తెలుసుకోవాలండీ?"

"ఇంకొక్కసారి అడుగుతూ ఉండండి," అంది లవోన్. రోజలీ తల పట్టుకుని కాగితాలు తీసింది.

నెలాఖరు శనివారం ఆర్డిస్ వచ్చింది. మెట్లు లేని గుమ్మంలోంచి కుర్చీ సాఫీగా లోపలికి జారింది. మూడు కిటికీలూ లెక్కపెట్టుకుంది. మెషీన్ దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పి, మీటలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి, ఏది దేనికో కాగితాలు చదివి లవోన్‌కే పాఠం చెప్పింది. ఆ రాత్రీ, తర్వాతి రాత్రులూ పక్క తడిసింది. లవోన్ తెల్లవారకముందే లేచి, చడీచప్పుడు లేకుండా దుప్పట్లు మెషీన్‌లో వేసి, అలమార తలుపులు మూసి, అక్క లేచేసరికి కొత్తవి పరిచి ఉంచేది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఇలాగే గడిచిపోతుందని లవోన్ సంతోషించింది.

గురువారం మధ్యాహ్నం వెండెల్ బుట్టతో వచ్చాడు. ఆవేళ ఆర్డిస్ మధ్యాహ్నం కునుకులో కూడా తడిపింది. అలమారలో మెషీన్ గిర్రున తిరుగుతోంది.

"కాసేపు ఆగాలి వెండెల్," అంది లవోన్ కంగారుగా. "అందులో నావి... తువ్వాళ్ళు పడేశాను, చాలా మాసిపోయాయి."

"తువ్వాళ్ళు కావు," అంది ఆర్డిస్ కిటికీ దగ్గర్నుంచి. గొంతు మెల్లగానే ఉంది గానీ గది చివరి బెంచీ దాకా వినపడే గొంతు అది. "అవి నా దుప్పట్లు, వెండెల్. ఇందాక పడుకుని తడిపాను. ఇంకో పాతిక నిమిషాలు పడుతుంది. కూర్చో."

లవోన్ మొహం కందిపోయింది. చేతిలో కాఫీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. క్రిస్మస్ నుంచి ఇవాళ్టి దాకా కోటు కింద దాచింది, చీకట్లో ఉతికింది, ఒక ఇంటి కోసం నోరు తెరిచి అడుక్కుంది. ఇదంతా అక్క సిగ్గుపడుతుందనే. సిగ్గుపడుతున్నది అక్క కాదు, తను.

వెండెల్ బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మూడో తరగతిలో నేనొకసారి ప్యాంటు తడుపుకున్నాను టీచర్. మీరు చేతులు కడుక్కునే తొట్టిలో ఉతికి, రేడియేటర్ మీద ఆరేశారు. ఎవరికీ చెప్పలేదు."

"ఒకసారి కాదు వెండెల్," అంది ఆర్డిస్. "నాలుగుసార్లు."